బెత్తెడు కొసరు

కుంజా భవాని ఏం పని చేస్తుందని వాళ్ల గూడెంలో అడిగితే ఎవరికీ సరిగ్గా తెలియదు. తండ్రి దూలయ్య "కంప్యూటర్ల బొమ్మలేస్తది" అంటాడు. తల్లి జంపక్క "ఖమ్మంల ఆఫీసు" అని ఊరుకుంటుంది. అంతకంటే వివరంగా చెప్పమంటే భవానికే కష్టం, ఎందుకంటే ఆమె గీసేది పైపులు. పైపులు గీయడానికి ఒక మనిషి, ఆ మనిషికి ఒక జీతం ఉంటాయంటే నమ్మేవాళ్లు గూడెంలోనే కాదు, ఖమ్మంలోనూ తక్కువే.

అవి మామూలు పైపులు కావు. గ్రానైట్ బండలను ఎత్తి పక్కకు తిప్పే యంత్రాలకు నూనె మోసే నల్లటి రబ్బరు పైపులు. యంత్రం చెయ్యి లేచినప్పుడు వాటితో పాటే లేవాలి, దిగినప్పుడు దిగాలి, ఎక్కడా మెలి పడకూడదు, ఇనుముకు రాసుకోకూడదు. ఇనుప చట్రాన్ని ఎవరైనా గీస్తారు. దానికి మూలలుంటాయి, గీతలుంటాయి, చెప్పిన చోట చెప్పినట్టు నిలబడుతుంది. పైపుకు సొంత ఆకారం లేదు. రెండు కొసలూ ఎక్కడ బిగిస్తే ఆ మధ్యలో ఎలా వీలైతే అలా పడి ఉండాలి. ఇలాంటి బతుకు సంగతి గూడెంలో పుట్టినవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు, అందుకేనేమో భవానికి ఆ పని తొందరగా పట్టుబడింది.

ఆమె సొంతూరు చర్ల దాటాక మట్టిరోడ్డు మీద ఇంకా పదకొండు కిలోమీటర్లు లోపలికి. వాగు పొంగితే ఆ రోడ్డు ఉన్నా లేనట్టే. భవానికి తొమ్మిదేళ్లప్పుడు, పోడు చేనుకు వాగు నీళ్లు తెచ్చుకుందామని దూలయ్య చర్ల సంతలో నల్ల ప్లాస్టిక్ పైపు చుట్ట ఒకటి కొన్నాడు. దాన్ని భుజాన వేసుకుని వస్తుంటే దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. ఇంత పైపు నీకెందుకు, లోపల ఎవరికిస్తావు అని అడిగారు. ఇంట్లో కోయ మాట్లాడే మనిషికి తెలుగు తడబడింది. తడబడేవాడు ఎప్పుడూ అబద్ధమాడుతున్నట్టే కనబడతాడు. కేసు పెడతామన్నారు. మూడు రోజుల తర్వాత మనిషి తిరిగొచ్చాడు, పైపు రాలేదు. అక్కడ ఏం జరిగిందని జంపక్క అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ మూడు రోజులూ తల్లి పొయ్యి ముట్టించకుండా గుమ్మంలో కూర్చున్న తీరు మాత్రం భవాని మరిచిపోలేదు. ఇప్పటికీ కేసు అన్న మాట చెవిన పడితే ఆమెకు కాళ్లు చల్లబడతాయి.

మరుసటి ఏడు దూలయ్య సర్పంచి చేత కాగితం రాయించుకుని వెళ్లి ఇంకో చుట్ట తెచ్చాడు. పట్టు వదిలే మనిషి కాదు. వాగు నుంచి చేను దాకా దాన్ని పరుస్తుంటే భవాని ఒక కొస పట్టుకుని తిన్నగా లాగింది.

"గుంజకు," అన్నాడు దూలయ్య. "వదులుగ పోనీ. చలికి అది ముడుచుకుంటది. గుంజి పెట్టినవంటే కొస ఊడొస్తది."

భద్రాచలంలో హాస్టల్లో ఉండి మెకానికల్ డిప్లొమా చేసేటప్పుడు ఒక కంప్యూటర్ ముందు నలుగురు కూర్చునేవాళ్లు. మౌస్ తన చేతికి వచ్చేసరికి గంట కొట్టేవారు. అయినా నేర్చుకుంది. డిప్లొమా చేతికొచ్చాక ఎనిమిది నెలలు ఖమ్మంలో తిరిగింది. దరఖాస్తు మీద ఊరి పేరు చూసి ఒకాయన "మీ దగ్గర అన్నలు ఇంకా వస్తుంటారా?" అని అడిగాడు. ఇంకొకాయన ఆమె గీత చూడకుండానే కాఫీ ఇప్పించి పంపేశాడు. వెంకటనారాయణ గారొక్కరే ఊరి సంగతి ఎత్తలేదు. ఆయన తాతలు కృష్ణా జిల్లా నుంచి ఎర్రుపాలెం వైపు వచ్చి పొలాలు కొన్నవాళ్లు. ఈయన ఒక పొలం అమ్మి ఖమ్మం శివార్లలో షెడ్డు వేసి యంత్రాలు తయారు చేయిస్తున్నారు. "గీసి చూపించమ్మా" అన్నారు, చూపించింది, "సోమవారం వచ్చెయ్" అన్నారు. ఆ మేలు భవాని ఏనాడూ మరువలేదు. మరిచిపోయి ఉంటే బాగుండేది.

డ్రాయింగ్ కాగితానికి కుడివైపు కింద ఒక చిన్న గడి ఉంటుంది. గీసినవారి పేరు అందులో రాస్తారు. మొదటి కాగితం మీద 'కె. భవాని' అని అచ్చులో చూసుకుని ఆమె దాని నకలు ఒకటి గూడేనికి తీసుకెళ్లింది. దూలయ్య దాన్ని గంజితో గోడకు అతికించాడు. అందులో ఉన్నది ఏమిటో ఆయనకు తెలియదు, ఆ గడి ఒక్కటి తెలుసు. వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపిస్తాడు.

షెడ్డులో పైపులు కోసి కొసలు బిగించే పని గోపాలుది. రోజూ బోనకల్ నుంచి రైల్లో వచ్చేవాడు. ఇరవై ఆరేళ్ల అనుభవం. టేపుతో కొలుస్తాడు, గుర్తు పెట్టబోయే ముందు నాలుగు వేళ్లు పైపు మీద ఆనించి, ఆ వేళ్లకు అవతల గుర్తు పెడతాడు. కాగితం మీద ఎంత ఉన్నా ఆయన కోసే పైపు బెత్తెడు ఎక్కువే.

"ఇదేంది బాబాయ్, నేను రాసిందొకటి, మీరు కోసిందొకటి?" అని మొదటి నెలలోనే భవాని దెబ్బలాటకు దిగింది.

"కొసరు బిడ్డా. సంతల కూరగాయలు కొంటే కొసరెయ్యరా? పైపుకు గూడ గంతే. కొసరు లేకుంటే దానికి ఊపిరాడదు."

"మరి రెండో మిషన్ల మీ కొసరే గొలుసుకు రాసుకుని పైపు చిల్లు పడ్డది."

గోపాలుకు కోపం రాలేదు. ఆమెను యంత్రం దగ్గరికి పిలిచి, పైపును రెండు చేతులతో పట్టుకోమని, యంత్రం చెయ్యిని నెమ్మదిగా లేపించాడు. నల్లటి పైపు ఆమె అరచేతుల్లో బిగిసింది, వదులైంది, పక్కకు ఒరిగింది. ఎక్కడ కొసరు కావాలో, ఎక్కడ అది ఎక్కువవుతుందో ఆ పది నిమిషాల్లో తెలిసినంత డిప్లొమా మూడేళ్లలో తెలియలేదు. ఆ సాయంత్రమే కూర్చుని సాఫ్ట్‌వేర్‌లో తాను అంతవరకు ముట్టుకోని ఒక గుర్తును వెతికి పట్టుకుంది. ఆ గుర్తు పెడితే పైపు పొడుగు మారకుండా తాళం పడుతుంది. అప్పుడు తెర మీద చెయ్యి లేపినా దించినా పైపు తనకున్న పొడుగులోనే సర్దుకోవాలి. సరిపోతే వేలాడుతుంది, సరిపోకపోతే ఎర్రగా మారి మొరాయిస్తుంది.

మర్నాడు గోపాలును పైకి పిలిచి చూపించింది. ఆయన కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశాడు.

"అబ్బ! అచ్చం అసలుదాని లెక్కనే ఏలాడుతుంది గదా."

"అందుకే చెప్తున్న బాబాయ్. ఇగ కొసరు నేనే ఏస్త, ఎక్కడ ఎంత కావాల్నో చూసి. మీరు కాగితం మీద ఎంతుంటే గంతే కొయ్యుండ్రి."

"ఇరవై ఆరేండ్ల అలవాటు బిడ్డా. చెయ్యి ఊకుంటదా?" అని నవ్వాడు. కానీ ఊరుకోబెట్టాడు. కుర్రపిల్ల మాటకు తన చేతి అలవాటును మానుకోవడం ఆ వయసు మగవాళ్లలో ఎంతమంది చేస్తారో నాకు తెలియదు. రెండేళ్లు ఒక్క పైపు చిల్లు పడలేదు, ఒక్కటి ఊడలేదు. కొసరు ఇప్పుడు భవానిది.

ఆ తర్వాత కొత్త యంత్రం వచ్చింది. పాతదానికంటే చెయ్యి పొడుగు. ఎనిమిది యంత్రాల ఆర్డరు, అంత పెద్దది ఆ షెడ్డుకు అదే మొదలు. మొదటిది తొందరగా చేసి చూపించాలని వెంకటనారాయణ గారు రోజుకు నాలుగుసార్లు పైకి వచ్చేవారు. భవాని తెర మీద పాత యంత్రం పైపునే కొత్తదాంట్లోకి తెచ్చి పెట్టింది. తాళం ఉంది కదా, కొస అందలేదు, ఎర్రబడింది. అందేదాకా తాళం తీసేద్దాం, చెయ్యి పూర్తిగా లేపి పొడుగు చూసుకుని మళ్లీ వేద్దాం అనుకుంది. తీసింది. కొస అందింది. అంతలో కింద నుంచి కేక వచ్చింది, అడుగు పలక కొలత తేడాగా ఉందని. దిగి వెళ్లి గంటసేపు దాంతో కుస్తీ పట్టి వచ్చి కూర్చుంది. తాళం సంగతి తలపుకు రాలేదు.

అంతే. తప్పు అంటూ జరిగింది అదొక్కటే. ఎవరో దొంగతనం చేస్తేనో, తాగి పని చేస్తేనో జరిగితే మనసుకు ఎంత బాగుంటుంది. ఒక చిన్న గుర్తు పెట్టడం మరిచిపోయింది.

తాళం లేని పైపు తెర మీద ఎంతైనా సాగుతుంది. చెయ్యి లేపి చూసింది, పైపు కూడా చక్కగా లేచింది. పూర్తిగా లేపింది, అప్పుడూ మెలి లేదు, రాపిడి లేదు. అది వేలాడడం లేదని, సాగుతోందని ఆమెకు తట్టలేదు. చెయ్యి దించి ఉన్నప్పటి పొడుగే కాగితం మీదికి వచ్చింది. పన్నెండు వందల నలభై మిల్లీమీటర్లు.

ఆ కాగితం పట్టుకుని గోపాలు పైకి వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచాడు.

"బిడ్డా, ఇది పొట్టిగ అనిపిస్తలేదా నీకు?"

భవాని అప్పుడు ఇంకో బొమ్మ మీద ఉంది. తల తిప్పింది కానీ కుర్చీ తిప్పలేదు.

"చెయ్యి మొత్తం లేపి చూసిన బాబాయ్. సరిపోతది."

"అవ్ మరి. నువ్వు చూసినవంటే చూసినట్టే," అని ఆయన దిగి వెళ్లిపోయాడు.

గురువారం మధ్యాహ్నం అన్నాలయ్యాక యంత్రాన్ని నడిపి చూశారు. రెండు టన్నుల బండను ఎత్తి చెయ్యి పైకి లేస్తోంది. కారడం ఎక్కడైనా ఉందేమో చూడడానికి గోపాలు ఎప్పటిలాగే పక్కన వంగి నిలబడ్డాడు. భవాని మెట్ల మీద నుంచి చూస్తోంది. పైపు వంపు పోయి తిన్నగా అయింది. ఇంకా చెయ్యి లేస్తూనే ఉంది. ఆమెకు అప్పుడర్థమైంది, గుంజి పెడితే కొస ఊడొస్తుందన్న తండ్రి మాట కూడా అప్పుడే గుర్తుకొచ్చింది, నోట్లోంచి "బాబా" అని సగం మాట వచ్చేలోపు పైపు కొస ఊడి గోపాలు మొహానికి కొట్టింది. వేడి నూనె. బండ కింద పడి రెండుగా చీలిన చప్పుడుకు పక్క షెడ్లవాళ్లు పరిగెత్తుకొచ్చారు.

దవాఖానాలో ఎడమ కన్ను తీసేశారు. కుడి కన్నుకు ఏమీ కాలేదని, అది నిక్షేపంగా ఉందని డాక్టరు చెప్పాడు.

శుక్రవారం పొద్దున భవాని అందరికంటే ముందు వచ్చి బొమ్మ తెరిచి చూసుకుంది. తాళం లేదు. వెంకటనారాయణ గారు రాగానే ఎదురెళ్లి చెప్పింది.

"తప్పు నాది సార్. పైపు వంద మిల్లీమీటర్లు పొట్టిగిచ్చిన. గోపాలు బాబాయ్ అడిగిండు గూడ. నేనే సరిపోతదన్న."

ఇంతవరకు భవాని చేసింది ఒక నిజాయితీ గల మనిషి చేయవలసిందే. ఆ ఒక్క పూట ఆమె మీద మనం గౌరవం ఉంచుకోవచ్చు.

వెంకటనారాయణ గారు తలుపు వేసి, ఫ్యాన్ వేసి, ఆమెను కూర్చోబెట్టారు. ఆయన అరవలేదు. అరిచే మనిషైతే ఆమె తట్టుకునేదేమో.

"చూడమ్మాయ్. డిజైన్ తప్పని తేలిందనుకో, ఎనిమిది మిషన్లూ పోతాయి. ఎవడూ మళ్లీ మన గుమ్మం తొక్కడు. షెడ్డులో ముప్ఫై మంది ఉన్నారు. అదే కోయడంలో పొరపాటంటే, పైపు మార్చి పంపిస్తాం, అంతటితో అయిపోద్ది. గోపాలుని నేను చూసుకుంటాను. దవాఖానా ఖర్చంతా నాదే. తప్పు ఎవరిదైనా ఆయన కన్ను తిరిగి రాదు కదా."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఇంకోటి. కాగితం మీద పేరు నాది కాదు, నీది. రేపు ఎవడన్నా వచ్చి కేసు అన్నాడనుకో, ముందు అడిగేది ఆ పేరునే. ఊరు చర్ల అవతల అని చూస్తే ఇంక వాళ్ల ప్రశ్నలు ఎక్కడెక్కడికి పోతాయో నీకు నేను చెప్పాలా?"

ఆయన ఆ మాట బెదిరించడానికే అన్నారో, నిజంగా ఆమె మేలు కోరే అన్నారో భవాని ఇప్పటికీ తేల్చుకోలేదు. మాట మాత్రం తగలవలసిన చోట తగిలింది. మూడు రోజులు పొయ్యి వెలగని ఇల్లు కళ్ల ముందుకొచ్చింది.

దిద్దడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పొడుగు పదమూడు వందల నలభై పెట్టింది, తాళం వేసింది, చెయ్యి పూర్తిగా లేపింది. పైపు ఎంత ముద్దుగా వేలాడిందో చెప్పలేం. ఎక్కడ ఎంత కొసరు ఉండాలో అంతే ఉంది. అంత మంచి పైపు ఆమె అంతకు ముందు గీయలేదు. తారీఖు పాతదే ఉంచి అచ్చు తీసింది. కింద గడిలో పేరు ఎప్పటిదే.

గోపాలు బల్ల దగ్గర గోడకు గుచ్చి ఉన్న పాత కాగితాన్ని చింపేయమని వెంకటనారాయణ గారు చెప్పారు. నూనె మరకలతో, ఆయన బొటనవేలి ముద్రతో ఉంది అది. భవాని చింపలేకపోయింది. నాలుగు మడతలు పెట్టి టిఫిన్ బ్యాగులో వేసుకుంది. షెడ్డు మేనేజరు కొత్త కాగితాన్ని దవాఖానాకు తీసుకెళ్లి గోపాలుకు చూపించాడు. కోయడంలో పొరపాటు నాదేనని గోపాలు సంతకం చేశాడట. "ఒక్క మాట గూడ మాట్లాడలే, మంచి మనిషి" అని మేనేజరు వచ్చి చెప్పాడు.

పైపు మార్చి యంత్రం పంపించారు. ఆర్డరు నిలిచింది. గోపాలు బల్ల దగ్గరికి కొత్త మనిషి వచ్చాడు. ఆయన కాగితం మీద ఉన్నంతే కోస్తాడు, పైకి వచ్చి ఏమీ అడగడు. దవాఖానా ఖర్చు వెంకటనారాయణ గారు మాట ప్రకారం కట్టారు. "మళ్లీ పనిలోకి ఎట్లా తీసుకోమంటావమ్మా, కొలత తప్పు చదివిన మనిషిని? ఈసారి ఇంకేమైనా అయితే?" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. తాను అల్లించిన అబద్ధాన్ని నెల తిరక్కుండానే ఆయనే నమ్మడం మొదలుపెట్టారు.

భవాని మాత్రం నమ్మలేకపోయింది. ఐదు వారాలు ఆ మడత కాగితం టిఫిన్ డబ్బా పక్కనే రోజూ షెడ్డుకు వచ్చి, రోజూ గదికి వెళ్లింది. ఫోన్లో దూలయ్య "ఏం బిడ్డా, మాట తక్కువైంది నీకు?" అని అడిగాడు. పని ఎక్కువగా ఉందంది. అన్నం తినబుద్ధి కాలేదు. తెర మీద పైపు గీస్తే ప్రతిదాన్నీ పదిసార్లు లేపి దించి చూసుకునేది. చివరికి ఒక ఆదివారం, చెప్పేద్దాం, ఏమైతే అదవుతుంది, క్యాంపులో మూడు రోజులు ఉండి నాన్న బతికి రాలేదా అనుకుని, పొద్దున్నే బోనకల్ రైలెక్కింది. ఆ కాగితం ఆయన చేతిలో పెట్టాలి. అందుకే వెళ్లింది, వేరే పని లేదు.

గోపాలు ఇల్లు స్టేషన్‌కు దగ్గర్లోనే. వీధిలోంచి మూడు మెట్లెక్కితే అరుగు. ఆయన అరుగు మీద నులక మంచంలో కూర్చుని ఉన్నాడు. ఎడమ కంటికి తెల్ల గుడ్డ. మనిషి సగమయ్యాడు.

"ఎవరూ?" అన్నాడు, ఎదురుగా నిలబడ్డ ఆమె మొహంలోకి చూస్తూనే.

"నేను బాబాయ్, భవానిని."

"గొంతు విని నువ్వే అనుకున్న. దా బిడ్డా, కూసో."

భార్య బుల్లెమ్మ లోపల నుంచి వచ్చి, చూసి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆ షెడ్డు నుంచి ఇంటికొచ్చింది నువ్వొక్కదానివేనమ్మా," అంది. "డబ్బులు పంపిండ్రు గానీ, మనిషి రాలే. నీ పేరే తల్చుకుంటడు రోజూ." చాయ్ పెడతానని వెళ్లింది.

భవాని బ్యాగు ఒళ్లో పెట్టుకుని జిప్పు మీద చెయ్యి వేసింది. "కన్నెట్లుంది బాబాయ్?" అని అడిగింది. అడగవలసింది అది కాదు, అయినా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

"ఒకటి పాయె. రెండోది గూడ పోయినట్టే."

"అదేంది? కుడి కన్ను మంచిగుందన్నరు గదా డాక్టరు?"

గోపాలు తల అడ్డంగా ఊపాడు. "ఏదో ధైర్యం చెప్తుండు పాపం. మంచిగుంటే మూడును రెండని ఎట్ల చదువుతది? పదమూడు వందల నలభై అని సక్కగ రాసిచ్చినవ్ నువ్వు. నేను పన్నెండు వందల నలభై అని చదివిన. ఒక్కసారి గాదు బిడ్డా, నాలుగైదు సార్లు చూసిన ఆ కాగితం. అన్నిసార్లు రెండే కనబడ్డది నాకు. అంటే ఏందన్నట్టు? దెబ్బ తగలకముందే నా కండ్లు పోయినయన్నట్టు. నేనే ఎరుగలే."

భవాని బ్యాగును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నీ దగ్గరికొచ్చి అడిగిన గూడ, యాదికున్నదా? పొట్టిగ లేదా అని. నువ్వు సరిపోతదన్నవ్. నువ్వన్నది నీ పదమూడు వందల గురించి. నేనేమో పన్నెండు వందలు పట్టుకుని అడుగుతున్న. పైపు మీద నాలుగు వేళ్లు పెట్టిన బిడ్డా ఆ రోజు, కొసరేద్దామని. చెయ్యి చెప్పింది. మళ్ల తీసేసిన. కంటినే నమ్మిన, సూడు."

ఆయన నమ్మింది కంటిని కాదు. ఎవరిని నమ్మి వేళ్లు తీసేశాడో ఆమెకు తెలుసు. బ్యాగు జిప్పు సగం తీసింది. టిఫిన్ డబ్బా పక్కన కాగితం మడత వేళ్లకు తగిలింది. దాన్ని బయటికి తీసి విప్పితే చాలు. అందులో రెండే ఉంది, మూడు లేదు. ఆయన బొటనవేలి ముద్ర కూడా ఉంది. ఒక్క కాగితంతో ఆయనకు ఒక కన్ను తిరిగి వస్తుంది. ఇంత సులువుగా ఒక మనిషికి చూపు ఇచ్చే అవకాశం ఎవరికి దొరుకుతుంది?

బుల్లెమ్మ చాయ్ తెచ్చింది. ఆయన చేతికి గ్లాసును జాగ్రత్తగా అందించి, వేళ్లను గ్లాసు చుట్టూ తానే ముడిచింది.

"సైకిల్ తొక్కుడు మానేసిండు," అంది భవానితో. "మనవరాలిని బడికి దించొచ్చేది ఇదివరకు. ఇప్పుడు రైలు గేటు దాటాల్నంటే భయం. రైలొస్తుందో లేదో నా కన్నుకేం తెలుస్తది అంటడు. పేపరు గూడ చదవడు. నేనే చదివి చెప్పాలె, నాకా చదువే రాకపాయె."

"కనబడుతుంది బాబాయ్ మీకు," అంది భవాని. "కనబడుతుంది. నేను చెప్తున్న గదా."

"నువ్వు మంచిదానివి, గట్లనే అంటవ్," అన్నాడు గోపాలు. "ఇంకో సంగతి అడుగుత, నిజం చెప్పు. నా తోటి నీకేం మాట రాలే గదా అక్కడ? నీ కాగితం మీదికి ఏం రాలే గదా? ఊరు గాని ఊరు నుంచొచ్చిన పిల్లవి. నా కంటి తప్పుకు నీ పేరు పోతుందేమోనని ఒకటే బుగులు. అందుకే మేనేజరు అడగంగనే జల్దీ సంతకం పెట్టేసిన."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. అడిగాడు కూడా, నిజం చెప్పమని. భవాని ఆయన వైపు చూసింది, వీధి వైపు చూసింది. వీధి చివర ఎవరో బండి మీద ఆగి సిగరెట్ వెలిగించుకుంటున్నాడు, పోలీసు కాదు, ఎవరో మామూలు మనిషి, అయినా ఆమె కాళ్లు చల్లబడ్డాయి. గోడ మీద తన పేరు ఉన్న గడి, దాని మీద తండ్రి వేలు కనబడ్డాయి. ఇవేవీ సాకులు కావు. భయపడింది, అంతే. మంచివాళ్లు కూడా భయపడతారు. వాళ్ల భయానికి ఇంకొకరి కన్ను పోయినప్పుడు వాళ్లు మంచివాళ్లో కాదో నేను చెప్పలేను.

"ఏం రాలే బాబాయ్," అంది. జిప్పు మూసేసింది.

"గంతే చాలు," అన్నాడు గోపాలు, నిజంగా తేలికపడి.

చాయ్ తాగింది. పదకొండున్నర రైలుకు వెళతానని లేచింది. ఆయన కూడా లేచాడు. వీధిలోకి దింపి వస్తానన్నాడు, వద్దన్నా వినలేదు. అరుగు అంచు దాకా వచ్చి ఆగాడు. ఎండ తెల్లగా కాస్తోంది. నల్లరాయి మెట్లు, ఒక్కోదాని అంచుకు బుల్లెమ్మ దిద్దిన ముగ్గు గీత స్పష్టంగా ఉంది. ఆయన చూపు సరిగ్గా వాటి మీదే ఉంది. ఒకటి, రెండు, మూడు అని కన్ను కిందికి కదలడం కూడా భవాని చూసింది.

"మెట్లున్నయ్ గదా ఇక్కడ?" అన్నాడు గోపాలు, చెయ్యి చాచి. "జర పట్టుకో బిడ్డా."

భవాని పట్టుకుంది. ఒక్కో మెట్టూ చెబుతూ దింపింది.